పెంచలమ్మ ఇంట్లో నీటి గుంట

వాన నీటి పథకంలో తస్లీమా చేరి నాలుగేళ్లయింది. ఉదయగిరిలో కొయ్య గరిటెలు చెక్కే ఇంట్లో పుట్టి, నెల్లూరులో డిప్లొమా చదివి, ఏడాదికొకసారి పొడిగించే ఈ కాంట్రాక్టు ఉద్యోగంలోకి వచ్చింది. మొదటి మూడేళ్లు నీటి గుంట ఎక్కడ తవ్వాలో తనే తేల్చేది. రైతును వెంటబెట్టుకుని చేలన్నీ తిరిగేది, వానొస్తే నీళ్లు ఎటు పారతాయో అడిగేది, నేల వాలు కొలిచేది. అయితే కొన్నిచోట్ల గుంటలన్నీ ఎందుకో పలుకుబడి ఉన్నవాళ్ల తోటల్లోకే నడిచి వెళ్తున్నాయని పైవాళ్లు గమనించారు. దాంతో నాలుగో ఏడు పద్ధతి మారింది. ఉపగ్రహం తీసిన పటాన్ని చూసి కంప్యూటరే చుక్క పెడుతుంది. ఆ చుక్కకు పది మీటర్ల లోపల నిలబడి ఫొటో తీస్తేనే ఫోనులోని యాప్ ఒప్పుకుంటుంది. చుక్కను జరిపే అధికారం ఎవరికీ లేదు.

ఆ ఏడు సీతారామపురం మండలంలోని బోడిమిట్టకు ఏడు చుక్కలు వచ్చాయి. ఆరు చక్కగా చేల మధ్య పల్లంలోనే పడ్డాయి. కంప్యూటరు మీద తస్లీమాకు కొంచెం గౌరవం కూడా పుట్టింది. ఏడో చుక్క కోసం ఫోను చూసుకుంటూ ఊరి వీధిలో నడిచింది. ఒక రేకుల ఇంటి గడప దగ్గర ఆగింది. ఇంకా ఆరు మీటర్లు ముందుకు పొమ్మంది ఫోను.

లోపల పెంచలమ్మ కాళ్లు చాపుకుని చేటలో ఉలవలు చెరుగుతూ ఉంది. అరవై దాటిన మనిషి. భర్త పోయాడు, కూతురు కలువాయిలో కాపురం ఉంటోంది. తస్లీమా చెప్పులు విడిచి, అడిగి లోపలికి వచ్చి, నడిమింటికీ వంటింటికీ మధ్య గోడ దగ్గర నిలబడేసరికి ఫోనులో పచ్చ గీత వెలిగింది.

ఏం వెతుకుతున్నావని పెంచలమ్మ అడిగింది. తస్లీమా మొహమాటపడుతూనే చెప్పింది. తిట్లు పడతాయనుకుంది. పెంచలమ్మ చేట పక్కన పెట్టి, కూర్చోమని పీట వేసి, చెంబుతో నీళ్లిచ్చింది.

ఊరి వెనక ఆమెకు రెండెకరాలుంది. బోరు ఎండిపోయి చాలా కాలమైంది. చేలో గుంట కావాలని పదకొండేళ్లుగా అర్జీలు పెడుతూనే ఉంది. ఒక ఏడు నేల వాలు ఎక్కువైందన్నారు, మరో ఏడు వాలు చాలదన్నారు. మధ్యలో ఒకసారి పటంలో ఆమె చేను బండరాయిగా కనిపించింది. చేలోకి పోయి మట్టి ఎత్తి తెచ్చి చూపించినా పటం మారలేదు.

"పదకొండేళ్లు మీ వెంట తిరిగినాను పాపా. ఇప్పుడు మీరే వెతుక్కుంటా ఇంట్లోకి వచ్చినారు. వద్దని ఎట్టా అనేది?" అంది.

ఇది పొరపాటున పడిన చుక్క అనీ, గుంట తవ్వితే ఇల్లు ఉండదనీ తస్లీమా నచ్చజెప్పింది. పెంచలమ్మ ఇంటి నాలుగు మూలలూ ఒకసారి చూసింది.

"చేలో పాక వేసుకుంటాలే. తూర్పు పక్క రేకులు ఎటూ కారతా ఉండాయి."

ఇంటి నుంచి చేను పల్లంగా ఉందనీ, గుంట నిండితే నీళ్లు తమంతట తామే చేలోకి వస్తాయనీ కూడా ఆమె లెక్క వేసుకుంది. లెక్క తప్పేమీ కాదు. అదే తస్లీమాకు ఎక్కువ బాధ కలిగించింది.

మర్నాడు తస్లీమా ఆత్మకూరు ఆఫీసుకు పోయింది. అక్కడ ఆమె పైఅధికారి ప్రసన్నకుమార్. మంచివాడే, కానీ పన్నెండేళ్ల సర్వీసులో ఎవరి నుంచీ ఒక్క మెమో కూడా తీసుకోకుండా నెట్టుకొచ్చిన మనిషి కావడంతో ప్రతి కాగితాన్నీ భయంగానే ముట్టుకుంటాడు. తస్లీమా ఇంటి ఫొటో చూపించింది. అతను కంప్యూటరులో భూమి రికార్డు తెరిచి, కాసేపు చదివి, కళ్లజోడు తీశాడు.

"ఇక్కడ ఇల్లు లేదు తస్లీమా."

ఫొటోలో ఇల్లుందని ఆమె మళ్లీ చూపించింది.

"ఫొటోలో ఉండాది. రికార్డులో అది వాగు పోరంబోకు. చుక్క తీసేయాలంటే అక్కడ ఇల్లుండాదని మనం రాసియ్యాల. రాసిస్తే, వాగులో ఇల్లెట్టా కట్టినావని ఆమెకు నోటీసు పోతాది. ఇల్లు పడగొడతారు. చుక్క తియ్యకపోతే మనం గుంట తవ్వాల. అప్పుడూ ఇల్లు పోతాది. ఏం చేద్దామో నువ్వే చెప్పు."

ఆ ఇంటి గోడలు తస్లీమా పుట్టుకకు ముందువి. వాగు ఎప్పుడో, రోడ్డు ఎత్తు పెంచినప్పుడు, పక్కకు తిరిగిపోయింది. ఇల్లు మాత్రం రికార్డులోకి రాకుండానే ముసలిదైంది. చివరికి ప్రసన్నకుమార్, ముందు పని మొదలుపెట్టినట్టు ఒక ఫొటో ఎక్కించు, నెల రోజులు గడువు దొరుకుతుంది, ఈలోపు ఏదైనా ఆలోచిద్దాం అన్నాడు. ఫొటోలో ఇల్లు కనిపించకూడదని కూడా చెప్పాడు. ఎటునుంచి తీసినా ఇల్లే కనిపిస్తుందని తస్లీమా అంటే, లోపలి నుంచి తియ్యమన్నాడు. లోపలి నుంచి నేలను తీస్తే ఇల్లు కనిపించదు కదా.

ఆమె అలాగే తీసింది. పెంచలమ్మ పేడతో అలికిన నడిమింటి నేలను యాప్ రెండు క్షణాలు పరిశీలించి, చెట్లు లేవు, నేల గట్టిది, తవ్వకానికి అనుకూలం అని రాసుకుంది.

మొదటి ఫొటో తర్వాత ముగ్గు పోయాలి. గుంట పన్నెండు మీటర్ల చదరం. సున్నపు గీత వాకిట్లో మొదలై, గడప దాటి, నడిమింట్లో మంచం కింద నుంచి పోయి, వంటింట్లో పొయ్యికి జానెడు దూరంలో మలుపు తిరిగి, వెనక తలుపు గుండా మేకల దొడ్డిలోకి వెళ్లింది. పెంచలమ్మ దాన్ని ఎంత పదిలంగా చూసుకుందంటే, ఊడ్చేటప్పుడు చీపురు గీతకు అటొకసారి ఇటొకసారి వేసేది. ఎవరైనా ఇంట్లోకి వస్తే గీత దాటి అడుగు వెయ్యమని ముందే చెప్పేది. రోజూ పొద్దున్నే చెంచులక్ష్మి అనే పక్కింటావిడను పిలిచి, చెరిగినచోట సున్నం మళ్లీ వేయించేది. కూతురికి ఫోను చేసి, సామాను కొంత కలువాయికి పంపుతానని కూడా చెప్పింది. కూతురు ఏడ్చింది. గుంట శాంక్షనైతే ఏడుస్తావెందుకని పెంచలమ్మ కోప్పడింది.

ఈ సంగతి ఊరంతా పాకింది. ఊళ్లో వాళ్లకు ఇల్లు పోవడం కనిపించలేదు. పెంచలమ్మకు గుంట వచ్చిందన్నదే కనిపించింది.

అందరికంటే ఎక్కువగా రగిలిపోయినవాడు ఓబులయ్య. అతని ఇల్లు పెంచలమ్మ ఇంటి పైవరసలో ఉంటుంది, అతని మేకల బీడు ఆమె ఇంటి వెనక. ఇద్దరి చేలూ పక్కపక్కనే. గట్టు మీద ఉన్న ఒక కానుగ చెట్టు ఎవరిదనే తగాదాలో ఆరేళ్లుగా ఇద్దరికీ మాటల్లేవు. చెట్టు ఎండిపోయి మూడేళ్లయినా మాటలు మొదలు కాలేదు. ఓబులయ్య తస్లీమా స్కూటీకి అడ్డంగా నిలబడ్డాడు. ఇంట్లోనే గుంట తవ్వేటట్టయితే అందరి ఇళ్లూ చూసి తవ్వాలన్నాడు. పెంచలమ్మ ఇంట్లో చెంబెడు నీళ్లు కూడా నిలవవని చెప్పాడు.

"నా ఇల్లు చూడు మేడం. పోసి చూపిస్తా. నీళ్లు నిలిస్తే నా ఇంట్లో తవ్వు."

అంటూనే ఇంట్లోకి పోయి, నిండు బిందె తెచ్చి నడిమింట్లో కుమ్మరించాడు. నీళ్లు నిలవలేదు, గడప కింద నుంచి వీధిలోకి వచ్చేశాయి. ఒక బిందె చాలదని ఇంకో బిందె పోశాడు. అది చూసి ఎదురింటివాళ్లు, మా ఇల్లు ఇంకా పల్లం అని వాళ్ల ఇంట్లో పోశారు. తర్వాత ఆ పక్కిల్లు. ఊరికి రెండు రోజులకొకసారి వచ్చే తాగునీటి ట్యాంకరు సరిగ్గా అప్పుడే వచ్చి ఆగింది. మామూలుగా దాని దగ్గర బిందె కోసం జుట్లు పట్టుకునేవాళ్లు, ఆ రోజు మర్యాదగా వరసలో నిలబడి, పట్టుకుని, ఇంట్లోకి తీసుకుపోయి నేల మీద పోసి, మళ్లీ వచ్చి వరసలో నిలబడ్డారు. తాగడానికి చుక్క మిగలదని తస్లీమా వీధి ఈ చివర నుంచి ఆ చివర దాకా బతిమాలింది. ఒకాయన ఆమెను పక్కకు పిలిచి, మీకెందుకు శ్రమ, మా ఇంట్లో నీళ్లు ఇంకా నిలిచే ఉండాయి, వచ్చి చూడండి అన్నాడు. పోయి చూస్తే మంచం కోడు పక్కన అరచేతి మందాన తడి ఉంది.

పదకొండు గంటలకల్లా ట్యాంకరు ఖాళీ అయింది. అప్పుడు తస్లీమా వీధి వైపు చూసింది.

ముప్పై ఇళ్ల గడపల నుంచి దిగిన నీళ్లు వీధి మధ్యలో ఒక పాయగా కలిశాయి. ఆ పాయ ఎవరినీ అడగకుండా పెంచలమ్మ ఇంటి గోడ వారగా తిరిగి, దొడ్డి పక్కన ఒరుసుకుంటూ పోయి, చిల్లచెట్ల పొదల మధ్య నుంచి ఓబులయ్య మేకల బీడులోకి దిగి, ఒక పళ్లెంలాంటి పల్లంలో చేరి ఆగిపోయింది. సాయంత్రం దాకా అక్కడే ఉంది. మేకలు వచ్చి తాగాయి. తస్లీమా నాలుగేళ్లలో ఎన్నో చోట్ల వాలు కొలిచింది గాని, నేల తన మనసులో మాట ఇంత విప్పి చెప్పడం ఆమె ఎప్పుడూ చూడలేదు. టేపు పట్టి కొలిస్తే చుక్క నుంచి ఆ పల్లానికి ముప్పై ఎనిమిది మీటర్లు. కంప్యూటరు తప్పు చెప్పలేదు. ముప్పై ఎనిమిది మీటర్ల ఇవతల నిజం చెప్పింది, అంతే.

ఇక ఓబులయ్యను ఒప్పించాలి. మామూలుగా అడిగితే జానెడు నేల ఇచ్చే మనిషి కాదు. కానీ ఆమె అడగనే లేదు. తన బీడులో నీళ్లు నిలబడటం చూసిన ఓబులయ్య వీధిలోకి వచ్చి, ఊరందరినీ పిలుచుకుపోయి చూపించాడు. అందరి నీళ్లూ తన దగ్గరకే వచ్చాయనీ, పెంచలమ్మ ఇంట్లో ఒక్క బొట్టు కూడా ఆగలేదనీ, ఎవరు గెలిచారో చూసుకోమనీ అన్నాడు. అదే ఊపులో, తవ్వితే ఇక్కడే తవ్వాలని తస్లీమాకు కాగితం మీద వేలిముద్ర వేసి ఇచ్చాడు. పెంచలమ్మ తన ఇంటి వెనక గుమ్మంలో నిలబడి చూసింది. నడిమింట్లో గీత ఇంకా ఉంచాలా చెరపాలా అని మాత్రం అడిగింది. తస్లీమా ఉంచమంది.

ఎందుకంటే చోటు దొరికింది గాని, యాప్ ఒప్పుకోదు. పని ఎక్కడ జరిగినా ఫొటో చుక్క దగ్గరే తియ్యాలి. తస్లీమా ఒక రాత్రంతా ఆలోచించి, తాను ఏం చెయ్యబోతున్నదీ ప్రసన్నకుమార్‌కు ఫోనులో చెప్పడం మొదలుపెట్టింది. అతను సగంలో ఆపాడు.

"నాకు చెప్పబాకు. గుంట మంచిచోట పడతా ఉండాదా?"

పడుతోందని చెప్పింది. అతను ఫోను పెట్టేశాడు.

పని పదహారు రోజులు సాగింది. పద్దెనిమిది మంది కూలీలు. పొద్దున తొమ్మిదింటికి అందరూ పారలు, గడ్డపారలు, తట్టలతో పెంచలమ్మ నడిమింట్లోకి వచ్చి, ఒకరి భుజం పక్కన ఇంకొకరు ఇరుక్కుని నిలబడేవారు. తస్లీమా వంటింట్లో నుంచి ఫొటో తీసేది. హాజరు పడ్డాక అందరూ వెనక తలుపు గుండా బీడులోకి పోయి తవ్వేవారు. మధ్యాహ్నం రెండింటికి రెండో ఫొటో కోసం మట్టి కాళ్లతో మళ్లీ వచ్చేవారు. పెంచలమ్మ మజ్జిగ కలిపి ఉంచేది. ఫొటో అయ్యాక కొందరు కదలకుండా అక్కడే గోడకానుకుని టీవీ సీరియల్ చూసేవారు. వాళ్లను తోలడం ఒక పని అయింది. యాప్ రోజూ కొన్ని ప్రశ్నలు అడిగేది. పనిచోట నీడ ఉందా. తాగునీరు ఉందా. కూర్చోవడానికి చోటుందా. తస్లీమా అన్నిటికీ ఉందని నొక్కేది. ఉద్యోగంలో చేరిన తర్వాత ఆ ప్రశ్నలకు ఆమె నిజమైన జవాబులు ఇవ్వడం అదే మొదలు. నెలాఖరున, జిల్లాలోనే కూలీలకు మంచి వసతులు కల్పించిన పనిస్థలం అని మెచ్చుకుంటూ పై నుంచి ఒక సందేశం కూడా వచ్చింది.

గుంట పూర్తయింది. పన్నెండు మీటర్ల చదరం, రెండు మీటర్ల లోతు, చుట్టూ రాళ్లు పేర్చిన కట్ట, ఎక్కువైన నీళ్లు పోవడానికి చిన్న కలుజు. ఇప్పుడు పూర్తయిన గుంట ఫొటోను చుక్క దగ్గర తియ్యాలి. కూలీలు నడిచి ఇంట్లోకి వచ్చారు గాని, గుంట నడిచి రాదు.

తస్లీమా గుంటను మంచి వెలుతురులో ఫొటో తీసి, ఆత్మకూరు బస్టాండు దగ్గర ఫ్లెక్సీలు వేసే గఫార్ దుకాణానికి పోయింది. పది అడుగుల వెడల్పు, ఎనిమిది అడుగుల ఎత్తు. గఫార్ ఫొటోను తెర మీద పెట్టి, మనుషులు ఏరని అడిగాడు. మనుషులు లేరంది. పుట్టినరోజా, ప్రమోషనా, వర్ధంతా అని అడిగాడు. గుంట అంది.

"మొహం లేకుండా ఫ్లెక్సీ నేనింతవరకు వెయ్యలేదమ్మా. కనీసం మూలన మీ ఫొటో అన్నా పెడతా. బోడిగా ఉంటే నా దుకాణానికి పేరు చెడతాది."

చాలాసేపు వాదన జరిగింది. పూలదండ వద్దంది, నెమళ్లు వద్దంది, శుభాకాంక్షలు వద్దంది. చివరికి ఆమె చూడనప్పుడు కట్ట మీద ఒక పావురాన్ని ఎగరేశాడు. దాన్ని తీయించేసరికి ఉదయగిరి బస్సు పోయింది. తరువాతి బస్సులో ఆ చుట్టను నిలువుగా పట్టుకుని రెండు గంటలు నిలబడి వచ్చింది.

పెంచలమ్మ నడిమింటి గోడకు ఫ్లెక్సీ కట్టారు. కింది అంచు నేల మీద కొంచెం పరచి, మడత కనపడకుండా పైన మట్టి చల్లారు. యాప్ ఈసారి ఎక్కువసేపు ఆలోచించింది. తర్వాత పచ్చ గుర్తు వచ్చింది. గుంటకు ఒక నంబరు కూడా పడింది. పెంచలమ్మ ఫ్లెక్సీ తియ్యనివ్వలేదు. పదకొండేళ్లకు వచ్చిన గుంటను ఇంట్లో ఉండనిమ్మంది.

నవంబరులో తుపాను పట్టింది. మూడు రోజులు వదలకుండా కురిసింది. నాలుగో పొద్దున తస్లీమా వెళ్లేసరికి గుంట అంచుల దాకా నిండి, కలుజు మీద నుంచి ఎర్రనీళ్లు పెంచలమ్మ చేలోకీ ఓబులయ్య చేలోకీ సమానంగా దిగుతున్నాయి. వారం తిరగకముందే పెంచలమ్మ చేలో ఎప్పుడో ఎండిపోయిన పాత బావిలో నీళ్లు కనిపించాయి. పెంచలమ్మ బావి గట్టున కూర్చుని, రాయి వేసి చప్పుడు విని, మళ్లీ రాయి వేసింది. తస్లీమా ఆమె పక్కన కూర్చుంది. ఉద్యోగంలో తనకు ఇంతకంటే మంచి రోజు రాదని తస్లీమాకు అనిపించింది.

డిసెంబరులో తనిఖీకి రాజమోహన్ వచ్చాడు. ఇంజినీరుగా రిటైరై, తనిఖీల కోసం మళ్లీ తీసుకున్న మనిషి. నెమ్మదైనవాడు. ఫోను చూసుకుంటూ వీధిలో నడిచి, చెప్పులు విడిచి, పెంచలమ్మ ఇంట్లోకి వచ్చి, ఫ్లెక్సీ ముందు ఆగాడు. ఫోను చూశాడు. ఫ్లెక్సీ చూశాడు. ఫొటో తీశాడు. యాప్ గుంట ఉందని ఒప్పుకుంది. నీళ్లు లేవని రాసింది, ఎందుకంటే ఫ్లెక్సీ వానకు ముందుది.

తస్లీమాకు ఇక దాచబుద్ధి కాలేదు. మొత్తం చెప్పి, ఆయనను వెనక తలుపు గుండా నిండు గుంట దగ్గరకు తీసుకుపోయింది. రాజమోహన్ కట్ట మీద చాలాసేపు నిలబడ్డాడు. వంగి చేతిలోకి నీళ్లు తీసుకుని చూశాడు. చోటు ఎంచిన తీరు బాగుందన్నాడు. తర్వాత ఫోను తీస్తే, ఇక్కడ ఏ గుంటా మంజూరు కాలేదని చూపించింది.

"నువ్వు చెప్పేది నిజమే తల్లీ. నా కళ్లకు కనపడతా ఉండాది. రాసేదానికే చోటు లేదు."

అంతకుముందు వేరే పథకంలో ఆయన చెక్‌డ్యాం ఒకటి కళ్లారా చూసి ఉందని రాశాడట. ఫోను అది అక్కడ లేదంది. కళ్లతో చూసినదాన్ని రాసినందుకు రెండేళ్లు వివరణలు ఇచ్చుకున్నాడు. అప్పటి నుంచి ఫోను చూపించిందే రాస్తున్నాడు. తనిఖీ ఫారంలో రెండే గడులున్నాయి. చుక్క మీద గుంట ఉందా అనేది మొదటిది. చుక్క కానిచోట గుంట ఏదైనా ఉందా అనేది రెండోది, ఉంటే అది అనుమతి లేని తవ్వకం. రెండూ నింపి, పెంచలమ్మ ఇచ్చిన మజ్జిగ తాగి, ఆయన దిగులుగా వెళ్లిపోయాడు.

మూడు వారాలకు ఓబులయ్య పేర నోటీసు వచ్చింది. తన పేర ప్రభుత్వం ఉత్తరం రాయడం అదే మొదటిసారి కావడంతో అతను దాన్ని సగం రోజు జేబులో పెట్టుకుని తిరిగాడు. సాయంత్రం ఎవరో చదివి చెప్పారు. అనుమతి లేకుండా తవ్విన గుంటను పదిహేను రోజుల్లో పూడ్చాలి. లేకపోతే చర్య తీసుకుంటారు.

ఓబులయ్య ఆ కాగితం పట్టుకుని నేరుగా పెంచలమ్మ ఇంటికి పోయాడు. ఆరేళ్ల తర్వాత ఆ గడప తొక్కాడు. అలవాటు లేకపోయినా గీత దాటే అడుగు వేశాడు. తస్లీమా వచ్చేసరికి ఇద్దరూ ఫ్లెక్సీ కింద కూర్చుని ఉన్నారు.

"నీళ్లున్న గుంట పూడ్చమంటా ఉండారు, నీళ్లు లేని గుంట ఇంట్లో ఉంచుకోమంటా ఉండారు. వాళ్లకేమన్నా అయిందా?" అన్నాడు ఓబులయ్య.

పెంచలమ్మ, గుంటను పూడ్చేవాళ్లు ముందు తనను పూడ్చాలని తేల్చి చెప్పింది. తస్లీమా ఇద్దరి ముందూ తల వంచుకుని కూర్చుంది. తాను రాజమోహన్‌కు నిజం చెప్పకుండా ఉంటే ఇదంతా వచ్చేది కాదు. ఆ రోజు ఉదయగిరికి తిరిగి వస్తూ, ఉద్యోగం వదిలేసి నాన్నతో గరిటెలు చెక్కుకుందామని కూడా అనుకుంది.

రెండు రోజుల తర్వాత ప్రసన్నకుమార్ ఫోను చేశాడు. గొంతు చాలా తగ్గించి మాట్లాడాడు.

"ఆ గుంట మనమే పూడుస్తామని పైకి రాసినాను. పూడ్చే పనికి కూడా శాంక్షన్ కావాల తస్లీమా. శాంక్షన్ కావాలంటే గుంటకు నంబరుండాల. ఆ బీడులో గుంటకు నంబరు లేదు. ఆ దగ్గర్లో మన నంబరు ఒక్కటే, అది పెంచలమ్మ ఇంట్లో గుంటది. దాని మీదే ఎక్కించినాను."

తస్లీమా వెంటనే అందుకోలేకపోయింది. ఏ గుంట పూడ్చాలని అడిగింది.

"నంబరున్న గుంట. పూడ్చకముందు ఫొటో మన దగ్గర ఉండనే ఉండాది. పూడ్చినాక నేల ఎట్టుంటాదో నువ్వే తీసి పంపు."

పన్నెండేళ్లు ఏ కాగితమూ తన మీదకు రాకుండా చూసుకున్న మనిషి, ఆ శాంక్షన్ కాగితం మీద తానే సంతకం చేసి పంపాడు. అది తర్వాత ఆఫీసులో చూసినప్పుడు తస్లీమా ఆ సంతకాన్ని రెండుసార్లు చదివింది.

కూలీలు మళ్లీ వచ్చారు. ఈసారి రెండు రోజుల పని. తట్టల్లో కొంచెం మట్టి వేసుకుని నడిమింట్లో నిలబడి ఫొటో దిగారు. వాకిట్లోంచి తెచ్చిన ఆ మట్టితోనే పెంచలమ్మ నేల గుంతలు సరిచేయించి, కూలీలను పైకెక్కించి తూర్పు పక్క రేకులు కూడా సరిచేయించుకుంది. రెండో రోజు మధ్యాహ్నం ఫ్లెక్సీ విప్పారు. ఆమె నేలంతా కొత్తగా పేడతో అలికింది, సున్నపు గీత దాని కింద కలిసిపోయింది. తస్లీమా నేలను ఫొటో తీసింది. యాప్ రెండు క్షణాలు చూసి, గుంట పూర్తిగా పూడ్చబడినది, నేల చదునుగా ఉన్నది అని రాసుకుంది. నోటీసు మూసేశారు. ఫ్లెక్సీని పెంచలమ్మ మేకల దొడ్డి పైన కప్పింది.

ఆ తర్వాత బోడిమిట్టలో ఏడో గుంట ఏ రికార్డులోనూ లేదు. తవ్వారు, పూడ్చారు. లేనిదాన్ని పూడ్చమని ఇంకెవరూ నోటీసు పంపలేరు. కట్ట తెగితే బాగుచెయ్యమని పెంచలమ్మ, ఓబులయ్య ఎవరినీ అడగనూ లేరు. ఆ సంగతి తస్లీమా ఇద్దరికీ విడమరిచి చెప్పింది. మేం చూసుకుంటాంలే అన్నారు.

ఫిబ్రవరిలో ఆమె వేరే పని మీద అటు వెళ్లి, చేల వైపు బండి తిప్పింది. పెంచలమ్మ రెండెకరాల్లో ఒక ఎకరం పెసర, మిగతాది గోరుచిక్కుడు, బెండ. ఓబులయ్య నువ్వులు వేశాడు. ఇద్దరూ గుంట పక్కన ఆయిలింజను దగ్గర నిలబడి గట్టిగా పోట్లాడుకుంటున్నారు. ఈ పూట నీళ్ల వంతు ఎవరిదన్నది తగాదా. స్థలం తనదని ఓబులయ్య, గుంట వచ్చింది తన ఇంటికని పెంచలమ్మ. తస్లీమాను చూడగానే ఇద్దరూ ఆమెను తీర్పు చెప్పమన్నారు.

"రికార్డులో లేని గుంటకు నేనెట్టా చెప్పేది అవ్వా? నాకు ఆ అధికారం లేదు."

పెంచలమ్మ ఆమెను పైనుంచి కిందికి చూసింది.

"అధికారం లేకపోతే మానెలే. ఈ పైపు పట్టుకో. వాలు ఎటుండాదో నీకు తెలుసు కదా."

తస్లీమా చెప్పులు గట్టు మీద విడిచి, చుడీదారు అంచు పైకి దోపుకుని, పైపు మూతిని బెండ సాలులోకి తిప్పి పట్టుకుంది. వెనకాల వాళ్ల తగాదా కొనసాగుతూనే ఉంది. నీళ్లు పాదాలకు చల్లగా తగిలి, సాలు వెంట ముందుకు పోయాయి.